కడుపుతో ఉన్నప్పుడు మూలికా మందు తాగేముందు దాన్ని ఇలా పరీక్షించుకోండి

రామంతాపూర్‌లో మా అక్క కూతురు ఉంటుంది. దానికి ఐదో నెల నడుస్తుండగా వాళ్ల అత్తమ్మ సిద్దిపేట వైపు ఊరి నుంచి స్టీలు డబ్బా నిండా కషాయం పొడి తెచ్చింది. నడుముకు బలమట, ఒంట్లో వాతం పోతుందట. "ఏం గాదు బిడ్డా, మా ఇంట్ల అందరం తాగినోళ్లమే" అంది. పిల్ల వంటింట్లోంచి గొంతు తగ్గించి నాకు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, తాగాల్నా వద్దా?"

మందుల భద్రతను పరీక్షించే ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని. అయినా ఫోన్‌లో వెంటనే జవాబు చెప్పలేకపోయాను. డబ్బాలో ఏముందో తెలియకుండా తాగమనలేను. ప్రేమతో మోసుకొచ్చిన పెద్దావిడ ఎదుట పారబొయ్యమనీ అనలేను. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆ డబ్బా ముందు పెట్టుకుని మేం చేసిన పనినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది.

అంతకంటే ముందు ఒక మాట. ఇప్పటికే ఏదో తాగేసి కడుపు పట్టేసినట్టు నొప్పి వస్తున్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టు అనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, కళ్లు పచ్చబడినా, తలనొప్పితో చూపు మసకబారినా ఇది చదువుతూ కూర్చోకండి. మిగిలిన పొడో సీసానో చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. పేట్లబురుజు, కోఠి సుల్తాన్‌బజార్, నీలోఫర్, గాంధీ, మీరు చూపించుకుంటున్న నర్సింగ్ హోమ్, ఏది దగ్గరైతే అది. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. ఏం తాగారో మాత్రం దాచకండి. తిడతారేమోనని దాస్తే డాక్టరు చీకట్లో వెతకాల్సి వస్తుంది.

ముందు వారాలు లెక్కపెట్టండి

ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క మొదలు. అదే మూలిక, అదే మోతాదు మూడో నెలలో ఒకలా, తొమ్మిదో నెలలో ఇంకోలా పనిచేస్తుంది. ఆ లెక్క ప్రకారం 5వ వారం నుంచి 10వ వారం దాకా బిడ్డ అవయవాలు రూపు కట్టే కాలం. వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసి, పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పేలోపే ఈ కాలంలో కొంత గడిచిపోతుంది. అందుకే పిల్లల కోసం చూస్తున్నవాళ్లు కూడా పొడులు, లేహ్యాల విషయంలో గర్భిణుల్లాగే జాగ్రత్తపడాలి.

పదో వారం దాటాక అవయవ లోపాల భయం తగ్గుతుంది కానీ బిడ్డ బరువు, మెదడు ఎదుగుదల, తల్లి బీపీ, నెలలు నిండకుండా నొప్పులు రావడం, ఈ నాలుగూ చివరిదాకా ఉంటాయి. కాగితం మీద మొదటి గీతగా మీ వారం రాసుకోండి. ఇక ముందు ఏ మూలిక గురించి అడిగినా "ఎన్నో వారంలో?" అన్నదే మొదటి ప్రశ్న.

తిండిని ఒక పక్క, మందును ఒక పక్క పెట్టండి

సగం భయాలు ఇక్కడే తీరిపోతాయి. పోపులో పడే మెంతులు తిండి. పొద్దున్నే పరగడుపున రెండు చెంచాల మెంతిపొడి మింగితే అది మందు. కూరలో పసుపు తిండే. మిరియాల సారం కలిపి రక్తంలోకి బాగా ఎక్కేలా చేసిన పసుపు క్యాప్సూల్ మందు. పాలల్లో రెండు మూడు కుంకుమపువ్వు రేకులు తిండి కిందికే వస్తాయి. అదే గ్రాముల కొద్దీ తింటే గర్భాశయం ముడుచుకునే ప్రమాదం ఉంది. బిడ్డ రంగు జన్యువులతో వచ్చేది కాబట్టి ఎంత కుంకుమపువ్వు తాగినా అది మారదు. ఆ ఆశతో మోతాదు పెంచుకోవద్దని చేతులు పట్టుకుని చెప్తున్నాను.

బొప్పాయి సంగతి కూడా ఇదే. ఎలుక గర్భాశయపు కండరాన్ని తీసి పరీక్షించినప్పుడు మగ్గిన బొప్పాయి రసానికి అది ముడుచుకోలేదు, పచ్చికాయ పాలకు గట్టిగా ముడుచుకుంది. 2002లో అచ్చయిన పరిశోధన ఇది. పూర్తిగా పండిన ముక్క ఒకటి పొరపాటున తిన్నందుకు రాత్రంతా ఏడవక్కర్లేదు. పచ్చికాయ కూర, పచ్చికాయ పాలు మాత్రం వద్దు. వానాకాలం మన నగరంలో డెంగీ రాగానే బొప్పాయి ఆకు రసం పిండి తాగిస్తారు చూడండి, కడుపుతో ఉన్న మనిషికి అది మందే. భద్రమని నమ్మదగిన రుజువు లేదు. డెంగీ వస్తే గర్భిణి ఉండాల్సింది ఆసుపత్రిలో.

వేవిళ్లకు అల్లం గురించి కూడా అడుగుతారు. మనుషుల మీద జరిగిన పరిశీలనల్లో ఎక్కువగా వాడింది రోజుకు ఒక గ్రాము శొంఠి పొడి, అదీ నాలుగు సార్లుగా పంచుకుని. అంతవరకు వైద్యులు ఒప్పుకుంటారు. అల్లం చాయ్‌కి భయపడాల్సిన పని లేదు.

మొక్క అసలు పేరు పట్టుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ పనికే. బేగంబజార్‌లో గానీ చార్మినార్ చుట్టుపక్కల మూలికలు అమ్మే అత్తార్ల దగ్గర గానీ "బ్రహ్మి ఇవ్వండి" అని అడిగితే ఒకరు సరస్వతి ఆకు కడతారు, పక్కవాళ్లు నీటి అంచున నేల మీద పాకే ఇంకో చిన్న మొక్కను కడతారు. మొదటిది సెంటెల్లా ఏషియాటికా, రెండోది బకోపా మొన్నీరి. రెండింటినీ బ్రహ్మి అనే అంటారు. మోసం లేదు, పేరే అలా పంచుకున్నారు. తిప్పతీగ గొడవ ఇంకా తాజాది. 2021లో తిప్పతీగ తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు ముంబై వైద్యులు ప్రచురించారు. దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే ఇంకో తీగను పొరపాటున వాడితే ప్రమాదమని ఆయుష్ మంత్రిత్వ శాఖ హెచ్చరించింది. గోడ మీద పాకిన తీగను చూసి నాకు తెలుసులే అనుకోవడం ఎంత ప్రమాదమో చూడండి.

కాబట్టి తెలుగు పేరు, ఉర్దూ పేరు, సంస్కృతం పేరు ఎన్ని తెలిసినా సరే, చివరికి శాస్త్రీయ నామం రెండు మాటల్లో మీ కాగితం మీద ఉండాలి. మొక్క పచ్చిగా దొరికితే పువ్వో కాయో ఉన్న కొమ్మ ఒకటి కోసి పాత పేపరు మడతలో నొక్కి పెట్టండి. ఎక్కడ కోశారో, ఏ రోజో దాని మీదే రాయండి. పక్కన స్కేలు పెట్టి ఆకు ముందు వైపు, వెనక వైపు ఫోటోలు తీయండి. అత్తాపూర్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఉస్మానియాలో బోటనీ విభాగం ఉంది. ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఆకు ఒక్కటే ఊడబెరుక్కుని వెళ్తే వాళ్లూ ఏమీ తేల్చలేరు, పువ్వు ముఖ్యం.

పొడి అయితే కష్టం. రామంతాపూర్‌లో ఆ రాత్రి ఈనాడు పేపరు పరిచి, డబ్బాలోంచి రెండు చెంచాలు పోసి, భూతద్దం పెట్టుకుని కూర్చున్నాం. ముక్కుకు ఘాటు కొట్టింది. జల్లెడలో ఆగిన పలుకుల్లో శొంఠి పీచు కనబడింది, పిప్పలి ముక్క కంకిలా గరుగ్గా దొరికింది. మిగతాదంతా గోధుమరంగు దుమ్ము. దుమ్మును కంటితో ఎవరూ గుర్తుపట్టలేరు. సూక్ష్మదర్శిని కింద కణాల ఆకారం చూసో, ల్యాబులో రసాయన గుర్తులు చూసో మాత్రమే చెప్పగలరు. అది కూడా దేనికోసం వెతుకుతున్నామో తెలిసినప్పుడే.

ఇచ్చినవాళ్లనే అడగండి: ఎవరికి, ఎప్పుడు?

మేం చివరికి చేసింది అదే. అత్తమ్మ చేత ఊళ్లో పెద్దాయనకు ఫోన్ చేయించి స్పీకర్ పెట్టాం. ఆయన తడుముకోకుండా తొమ్మిది పేర్లు చెప్పాడు. పిప్పళ్లు, పిప్పలి వేరు, శొంఠి, వాము, ధనియాలు. ఎనిమిదోది చిత్రమూలం. నా పెన్ను ఆగింది. చిత్రమూలం వేరులో ప్లంబాజిన్ అనే రసాయనం ఉంటుంది, గర్భం పోగొట్టడానికి పల్లెల్లో వాడిన వేరు అది. "ఇది ఐదో నెల పిల్లకు పెట్టొచ్చా?" అని అడిగాను. అవతల ఒక క్షణం చప్పుడు లేదు. "చూలాలికా? వద్దమ్మా వద్దు. ఇది బాలింతకు పెట్టేది. కాన్పు అయినంక." అప్పుడు అత్తమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. వాళ్లింట్లో అందరూ తాగిన మాట నిజం. తాగింది పురుడు పోసుకున్నాక.

ఆ పెద్దాయనకు శాస్త్రం తెలుసు. మందు ఆయన చేతిలోంచి మన వంటింటికి వచ్చే దారిలో "ఎవరికి, ఎప్పుడు" అన్నవి రాలిపోయాయి. కాబట్టి మీరు ఎవరి దగ్గర తెచ్చుకున్నా నాలుగు మాటలు అడిగి రాసుకోండి: ఇందులో ఏమేం ఉన్నాయి, ఎవరి కోసం కట్టారు, ఎన్నో నెలకు, ఎన్ని రోజులు. ఇవి చెప్పలేనివాళ్ల దగ్గర తెచ్చుకున్నది తాగకండి. పొట్లం మీద ఏమీ రాయకుండా "ఏ దుష్ప్రభావమూ ఉండదు" అని హామీ ఇచ్చేవాళ్ల దగ్గర అసలే వద్దు.

గర్భిణికి వాడకూడనివి ఉన్నాయని ఆయుర్వేదమే చెప్తుంది. అంచుదాకా నూనె నింపిన పాత్రను తొణకకుండా మోసినట్టు ఆమెను చూసుకోవాలన్నది చరక సంహిత శారీరస్థానంలోని పోలిక. తీక్ష్ణమైన మందులు, వాంతులు విరేచనాలు చేయించే శోధనలు ఆ సమయంలో వద్దంటుంది. ఇంట్లో పెద్దవాళ్లతో వాదన వచ్చినప్పుడు ఇంగ్లీషు డాక్టరు వద్దన్నాడని చెప్పేకంటే ఈ మాట చెప్పండి, వింటారు.

దగ్గరికి రానివ్వకూడనివి

పూర్తి జాబితా ఎవరూ రాయలేరు. మన ఇళ్లలో, మన సంతల్లో నిజంగా కనబడేవి చెప్తాను. చిత్రమూలం. గురివింద గింజ, ఇందులో అబ్రిన్ అనే విషం ఉంటుంది. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు, ఈ రెంటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. కలబంద తొక్క కింద పచ్చగా కారే పాలు, దాన్ని ఎండబెట్టిన ముసాంబరం. వేపనూనె నోటి ద్వారా. నేలవేము కషాయం. అశ్వగంధ. వస కొమ్ము. మలబద్ధకానికి సునాముఖి మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, ఇసబ్గోల్ పేగుల్లోంచి రక్తంలోకి ఇంకదు కాబట్టి నీళ్లు బాగా తాగుతూ అది వాడుకోవచ్చు.

నెలలు నిండాక ఆముదం తాగిస్తే నొప్పులు వస్తాయని మన పెద్దవాళ్ల నమ్మకం. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం గర్భాశయంలో ఏ గ్రాహకం మీద పనిచేస్తుందో 2012లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు కూడా. పనిచేస్తుంది కాబట్టే ఇంట్లో తాగకూడదు. నొప్పులు ఎంత జోరుగా వస్తాయో, బిడ్డ గుండె తట్టుకుంటుందో లేదో చూసే ఏర్పాటు ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఇంకొకటి. అక్కర్లేని గర్భం వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక ఈ వేర్ల కోసం వెతుకుతున్న అమ్మాయి ఎవరైనా ఇది చదువుతుంటే, తల్లీ, ఆ వేరు ముట్టుకోకు. 1971 గర్భస్రావ చట్టం, దానికి 2021లో వచ్చిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయంతో ఆసుపత్రిలోనే గర్భస్రావం చేయించుకోవచ్చు. మీ పేరు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది.

సీసా అయితే లేబుల్, పొడి అయితే సీసం

దుకాణంలో కొన్న మందు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ప్రతి మూలిక పేరు, భాగం, పరిమాణం ఉండాలి. షెడ్యూల్ ఈ-1 అని మందుల చట్టంలో విషపదార్థాల పట్టీ ఒకటుంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, నల్లజీడి, నేపాళం, విషముష్టి, వసనాభి అందులోవే. అవి కలిసిన మందు మీద వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. అది కనబడితే సీసా మూత కూడా తీయకండి. పేరులో భస్మం, రసం, సిందూరం ఉన్నా ఆగండి, లోహం కలిసి ఉండొచ్చు.

2011, 2012ల్లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా బయటపడింది. ఆరుగురూ భారతదేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. సీసం మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ మెదడులోకి వెళ్తుంది, ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు దానికి లేదు. ఇక్కడ ఒక లెక్క చేసి చూడండి. మన దేశంలో మూలికా మందుల్లో సీసానికి అనుమతించిన హద్దు 10 పీపీఎం, అంటే గ్రాముకు 10 మైక్రోగ్రాములు. రోజుకు పది గ్రాముల పొడి తాగితే 100 మైక్రోగ్రాములు. పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు తిండి ద్వారా అందే సీసానికి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న కొలమానం రోజుకు 8.8 మైక్రోగ్రాములు. అంటే పరీక్షలో "పాస్" అయిన పొడి కూడా గర్భిణికి పదింతలు ఎక్కువ కావచ్చు. ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం పరీక్ష చేయించవచ్చు. నివేదికలో "పాస్" అన్న మాటతో తృప్తిపడకుండా అంకె అడిగి తీసుకుని మీ రోజు మోతాదుతో గుణించండి.

ఏ భాగం, ఏ రూపం, ఎంత

అతిమధురం తీసుకోండి. దగ్గుకు బుగ్గన పెట్టుకునే వేరు, తియ్యగా ఉంటుంది, ఎవరూ అనుమానించరు. అందులోని గ్లిసిరైజిన్, తల్లి ఒంట్లోని ఒత్తిడి హార్మోను బిడ్డకు చేరకుండా మాయలో కాపలా కాసే ఎంజైమును అడ్డుకుంటుంది. ఫిన్లాండ్‌లో గర్భిణుల మీద జరిగిన పరిశీలనల్లో వారానికి 500 మి.గ్రా. దాటి గ్లిసిరైజిన్ తిన్నవాళ్లకు కాన్పులు ముందుగా జరగడం, పిల్లల తెలివితేటల పరీక్షల్లో తేడా రావడం కనిపించాయి. వేరులో అది నూటికి 5 వంతులు ఉందనుకుంటే పది గ్రాముల వేరుతోనే ఆ హద్దు చేరుకుంటారు. రోజుకు గ్రామున్నర, ఒక చిన్న ముక్క. బీపీ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం, ఒంట్లో పొటాషియం పడిపోతుంది.

శతావరి ఇంకా చిక్కు ప్రశ్న. మన దగ్గర పిల్లిపీచర అంటారు, గర్భిణులకు, బాలింతలకు బలమని పేరు. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో మిథనాల్ అనే ద్రావకంతో తీసిన శతావరి వేరు సారాన్ని ఆడ ఎలుకలకు కిలో బరువుకు 100 మి.గ్రా. చొప్పున 60 రోజులు ఇస్తే పిండాలు కరిగిపోవడం, పిల్లలు చిన్నగా పుట్టడం, కాళ్లలో వాపు కనిపించాయి. దీన్ని చదివి రెండు పనులు చేయాలి. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి 6.2తో భాగిస్తారు. 100ని భాగిస్తే 16, అరవై కిలోల మనిషికి దాదాపు 970 మి.గ్రా. సారం. క్యాప్సూళ్లలో అమ్మే మోతాదుకు ఇది దూరమేమీ కాదు. రెండో పని, రూపం చూడటం. మిథనాల్ లాగే పదార్థాలు వేరు, ఇంట్లో పాలతో కాచే కషాయంలోకి దిగేవి వేరు. కాబట్టి ఈ ఒక్క పరిశోధనతో ఇంటి కషాయం విషమని తీర్పు చెప్పలేం, క్యాప్సూల్ భద్రమనీ చెప్పలేం. నా వరకు నేను మా పిల్లకు క్యాప్సూల్ వద్దన్నాను.

రుజువు ఎంత గట్టిదో తూచండి

వైద్య పరిశోధనలను వెతికే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో శాస్త్రీయ నామం, పక్కన ఇంగ్లీషులో గర్భం అన్న మాట కొట్టండి. లేదా ఫార్మసీ చదివే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ల చేత కొట్టించండి. దొరికినవాటిలో ఇది గాజుగిన్నెలో కణాల మీద చేసిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా అని మొదట విడదీయండి.

మందు పిండానికి కీడు చేస్తుందేమో చూడటానికి ల్యాబులో మేం చేసేది ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన 414వ పద్ధతి. మొదట 1981లో వచ్చింది, 2018లో సవరించారు. కడుపుతో ఉన్న ఎలుకలను నాలుగు గుంపులు చేస్తాం. ఒక గుంపుకు మందు ఉండదు, మిగతా మూడింటికి మూడు మోతాదులు. గుంపుకు దాదాపు ఇరవై ఎలుకలు. పిండం గర్భాశయానికి అంటుకున్నప్పటి నుంచి ఈనడానికి కాస్త ముందు దాకా మందు పోస్తాం. ఆ తర్వాత పిల్లలను తీసి సగం వాటిలో మెత్తటి అవయవాలు, సగం వాటిలో ఎముకలు చూస్తాం. ఎముకలు చూసే రోజు నాకిప్పటికీ గుర్తే. ఒళ్లంతా గాజులా పారదర్శకమై, ఎముక ఎర్రగా, మృదులాస్థి నీలంగా రంగు పట్టి, గ్లిజరిన్‌లో తేలుతూ ఉంటుంది ఆ బొటనవేలంత ప్రాణి. పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. పదమూడు జతలు. ఒకటి తక్కువైనా వంకర అయినా రాయాలి. అది రాస్తున్నప్పుడు ఏ మొక్కనైనా "సహజం కదా" అని తేలిగ్గా అనాలనిపించదు.

ఎలుక చెప్పిందే వేదం కూడా కాదు. 1957లో జర్మనీలో వేవిళ్లకు, నిద్రకు అమ్మిన థాలిడోమైడ్ ఎలుకల్లో పెద్దగా పట్టుబడదు, కుందేళ్లలో పట్టుబడుతుంది. 1961లో దాన్ని ఆపేసేసరికి ప్రపంచంలో పదివేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అందుకే రెండు జాతుల్లో చూస్తారు. అశ్వగంధకు గర్భం పోగొడుతుందన్న పేరు ఉంది, ఎలుకల మీద చేసిన ఒక పరిశీలనలో మాత్రం లోపాలేమీ కనబడలేదు. ఇలా రెండూ పొంతన కుదరనప్పుడు వద్దన్న వైపే నిలబడండి. తొమ్మిది నెలలు ఆగితే పోయేదేమీ లేని మందు అది.

ఇక "మా అమ్మమ్మ పది కాన్పులు ఇది తాగే చేసింది" అన్న మాట. గౌరవంగానే ఒక లెక్క చెప్పండి. ఏ మందూ వాడకపోయినా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారు. పది మంది తాగి పదిమందికీ ఏమీ కాకపోయినా అసలు ప్రమాదం నూటికి పాతిక దాకా ఉండే వీలు ఇంకా మిగిలే ఉంటుంది. మూడొందల మందికి ఏమీ కాకపోతేనే అది నూటికి ఒకటికి దిగుతుంది. అమ్మమ్మ పది కాన్పుల్లో ఎందరు దక్కారో, మధ్యలో ఎన్ని జారిపోయాయో కూడా అడగండి. ఆ లెక్క ఎవరూ రాయలేదు.

మీ మాత్రలతో కలిపి చూడండి

ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వగరు కషాయం, చాయ్ పక్కనే తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. రెండు గంటలు ఎడం పెట్టండి. థైరాయిడ్ మాత్ర కూడా ఒంటరిగా, నీళ్లతోనే. షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ మెంతిపొడి, కాకరరసం చేరిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. బీపీ భయంతో చిన్న ఆస్పిరిన్ ఇచ్చి ఉంటే వెల్లుల్లి, పసుపు క్యాప్సూళ్లు దానికి కలపొద్దు. ఆపరేషన్ తేదీ ఇచ్చినవాళ్లు మరీ జాగ్రత్త. కాన్పు ముందు రోజుల్లో మెంతులు బాగా తిన్న తల్లుల పిల్లల మూత్రం తియ్యటి పాకం వాసన వేస్తుంది. అదే వాసన ఉన్న ఒక జన్యు వ్యాధేమోనని డాక్టర్లు కంగారుపడిన సందర్భాలు ఉన్నాయి. ముందే చెప్తే ఆ కంగారు తప్పుతుంది.

కాగితం తీసుకుని వెళ్లండి

వారం, మొక్క పేరు, భాగం, రూపం, రోజు మోతాదు, ఎన్ని రోజులు, ఎవరిచ్చారు, మీరు వాడే మాత్రలు. ఇవన్నీ ఒక్క పేజీలో ఉంటే ఓపీలో రెండు నిమిషాల్లో డాక్టరు చూడగలుగుతారు. "కషాయం తాగొచ్చా?" అని అడిగితే వద్దు అనే వస్తుంది. పేరుతో, మోతాదుతో అడిగితే అసలు జవాబు వస్తుంది. ఆయుర్వేదమే కావాలనుకుంటే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో, యునానీ అయితే చార్మినార్ దగ్గర నిజామియా టిబ్బీ కళాశాల ఆసుపత్రిలో చదువుకున్న వైద్యులు ఉన్నారు. అక్కడ రాసిచ్చింది మీ గైనకాలజిస్టుకు, ఇక్కడ రాసిచ్చింది అక్కడివాళ్లకు చూపించండి. స్కానింగ్ ఫైల్లోనే ఈ కాగితం కూడా పెట్టండి.

వాడాక ఏదైనా తేడా చేస్తే మానేసి ఊరుకోవద్దు. 1800 180 3024 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు, డబ్బులు పడవు. ఆయుష్ మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్రాలు కూడా ఉన్నాయి, ప్రభుత్వ ఆయుర్వేద వైద్యులను అడిగితే ఎలా పంపాలో చెప్తారు. మీ ఫిర్యాదు ఒక్కటే చిన్నదిగా అనిపిస్తుంది. అవే ఇంకో పది చోట్ల నుంచి వస్తే ఆ మందు సంగతి బయటపడుతుంది.

రామంతాపూర్ డబ్బాను పారబోయలేదు. మూత మీద ప్లాస్టర్ అతికించి, పెద్దాయన చెప్పిన తొమ్మిది పేర్లూ, తేదీ రాసి, "కాన్పు తర్వాత, డాక్టరుకు చూపించి" అని కింద గీత కొట్టాం. అత్తమ్మే దాన్ని అటక మీద, పిల్ల చెయ్యి అందనంత లోపలికి జరిపి పెట్టింది.